తిరువొత్తియూరు బుల్లెట్టు: ఒక జీర్ణోద్ధరణ కథ

తిరువళ్లూరు నుండి రెడ్‌హిల్సునకు పోవు దారిలో తామరైపాక్కము అను గ్రామము కలదు. పేరులోనే తామర యున్నది. ఊరి చెంతనే కొసస్థలై యేరు పారుచున్నది. ఆ యేటికి అడ్డముగ ఇచ్చట కట్టిన ఆనకట్ట నీటిని చోళవరము చెరువునకు మరలించును. ఎగువన, 1944లో పూర్తియైన పూండి జలాశయము కలదు. చిత్తూరు సీమలో పుట్టిన నగరి యేరు పూండి చేరువన కొసస్థలైలో కలియుచున్నది. 1996 నుండి తెలుగు గంగ కాలువ ద్వారమున కృష్ణ నీరు కూడ పూండికి చేరుచున్నది. కావున మా యేటి నీటిలో తెలుగు నేల మట్టి కొంత ఎప్పుడును కలిసియే యుండును.

మనుష్యుల సంగతియు అట్టిదే. 1960 ఏప్రిలు 1వ తేదీన, పటాస్కరు తీర్పు ననుసరించి, చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి తాలూకాలో అధిక భాగము మద్రాసు రాష్ట్రమున చేరెను. సత్యవేడు ప్రాంతము ఆంధ్ర ప్రదేశమునకు పోయెను. సరిహద్దు గీత మారినది కాని, గీతకు ఇరువైపుల నున్న చుట్టరికములు మారలేదు. ఉత్తుక్కోట, నాగలాపురము, తిరుత్తణి, తిరువళ్లూరు ఊళ్లలోని తెలుగు కుటుంబములు పెండ్లికిని, తద్దినమునకును గీత దాటి పోవుచు వచ్చుచునే యున్నవి. ఆ రాకపోకలకు మొదట ఎడ్లబండి, పిదప బస్సు, కలిగినవారికి మోటారు సైకిలు సాధనములైనవి.

సంస్కృతిని గూర్చిన యిట్టి సంచికలో మోటారు సైకిలు సంగతి యేల యని కొందరు అడుగవచ్చును. మా మేనమామగారి బండి ఒకటి నా చేత ఒక తప్పు చేయించి, దానివలన ఒక పాఠము నేర్పినది. ఆ పాఠము బండ్లకే కాక మన గుడులకును, గ్రంథములకును, పెద్దల జ్ఞాపకములకును చెల్లునని తోచి యీ వ్యాసమును వ్రాయ సాహసించితిని. అయితే ముందుగ ఆ బండి పుట్టుపూర్వోత్తరములు చెప్పవలసి యున్నది.

కాలు మోపని పందెము

మోటారు సైకిళ్ల పందెము లనగా వేగము, ధూళి, చెవులు చిల్లులు పడు మోత మన మనస్సునకు వచ్చును. వానిలో వేగముతో నిమిత్తము లేని పందెము ఒకటి యున్నది. దానిని ట్రయల్సు అందురు. ఏటిరాళ్లు, బురద, చెట్ల వేళ్లు, నిట్రమైన మిట్టలు గల చిన్న తావులను ఎంచి, ఇరుప్రక్కల గురుతులు పాతుదురు. ఆ గురుతుల నడుమ రౌతు కాలు నేల మోపకుండ బండిని నడపవలెను. మోపకుండ దాటినచో సున్న. ఒకమారు మోపిన ఒక మార్కు. బండి నిలిచిపోయినను, రౌతు పడినను ఐదు మార్కులు. కడపట ఎవరి మార్కులు తక్కువో వారిదే గెలుపు. జీవితమంతయు లెక్కల పుస్తకములతో గడపిన నాకు, సున్న తెచ్చుకొన్నవానిని మెచ్చుకొను ఈ లెక్క మొదట వింతగ తోచెను, పిదప నచ్చినది. తొందరపడనివానికి, తొట్రుపడనివానికి బహుమానమిచ్చు ఆట లోకములో ఎన్ని యున్నవి?

ఈ పందెములలో పేరు పొందినది స్కాట్లండు దేశపు ఆరు దినముల ట్రయలు. ఇది 1909లో మొదలైనది. ఫోర్టు విలియము అను పట్టణము చుట్టునుండు కొండవాగులలోను, రాతి త్రోవలలోను ఇది జరుగును. 1961లో గోర్డన్ జాక్సన్ అను రౌతు ఏ.జె.ఎస్. బండిపై ఆరు దినములలో ఒక్క మార్కు మాత్రము పోగొట్టుకొని గెలిచెను. ఆరు దినములు రాళ్లపై నడిచి ఒక్కమారే కాలు మోపె నన్నమాట! ఈ ఒక్క పాదస్పర్శను ఆ క్రీడాభిమానులు నేటికిని చెప్పుకొనుచుందురు.

ఇట్టి పనికి పాతకాలపు ఏకసిలిండరు బండ్లు చక్కగ ఒదిగినవి. బరువైన ఫ్లైవీలు గల ఇంజను మెల్లగ తిరుగుచున్నను ఆగిపోక లాగును. పిస్టను ఒక దెబ్బకును మరియొక దెబ్బకును నడుమ వెనుక చక్రమునకు నేలను పట్టుకొను వ్యవధి చిక్కును. వేగముగ తిరుగు ఇంజను బురదలో చక్రమును ఊరక గిరగిర త్రిప్పును. ఇది అట్లు కాక, దుక్కిటెద్దు వలె అడుగు తరువాత అడుగు వేయును.

రెడ్డిచ్ నుండి తిరువొత్తియూరునకు

ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణము పూర్వము సూదుల తయారీకి ప్రసిద్ధము. అచ్చటి సూదుల వ్యాపారము నుండి సైకిళ్లకును, ఎన్‌ఫీల్డులోని ప్రభుత్వ ఆయుధాగారమునకు భాగములు చేసియిచ్చుటకును దిగిన ఒక సంస్థ, ఆ సంబంధమును పురస్కరించుకొని రాయల్ ఎన్‌ఫీల్డు అను పేరు పెట్టుకొన్నది. 1901లో మొదటి మోటారు సైకిలును చేసినది. తుపాకివలె చేయబడినదని చాటుకొనుచు, 1932లో ఒక నమూనాకు బుల్లెట్టు అను పేరు పెట్టినది.

యుద్ధానంతరము, 1948లో, ఈ బుల్లెట్టు క్రొత్త రూపమున వెలువడెను. అంతకు ముందు ట్రయల్సు బండ్ల వెనుక చక్రము చట్రమునకు బిగువుగ నుండెడిది. స్ప్రింగులు పెట్టిన పట్టు తప్పునని రౌతులు నమ్మెడివారు. రెడ్డిచ్ వారు వెనుక చక్రమును ఊగెడి చేతిపై నిలిపి, నూనెతో అదుపు చేయు స్ప్రింగులు అమర్చిరి. చక్రము రాయి మీద నుండి యెగిరి గాలిలో తిరుగక, నేలనంటి యుండుటచే పట్టు హెచ్చినదే కాని తగ్గలేదు. ఆ యేడు ఇటలీలో జరిగిన అంతర్జాతీయ ఆరు దినముల ట్రయలులో గెలిచిన బ్రిటిషు జట్టులో ఇద్దరు బుల్లెట్టు రౌతు లుండిరి; ఇద్దరికిని స్వర్ణ పతకములు లభించెను. వారిలో ఒకరు విక్ బ్రిటన్. ఆయన కుమారుడు జానీ బ్రిటన్ 1952లోను, మరల 1957లోను అదే 350 సీసీ బుల్లెట్టుపై స్కాట్లండు ట్రయలును గెలిచెను. తండ్రి చూపిన దారిని కొడుకు కొండల మీదికి తీసికొనిపోయెను.

ఆ కాలముననే స్వతంత్ర భారత సైన్యమునకు, సరిహద్దు కాపలాకు తగిన గట్టి బండ్లు కావలసి వచ్చెను. మద్రాసు మోటార్సు వారి ద్వారా బుల్లెట్లు మన దేశమునకు వచ్చినవి. రాతి నేలలను ఓర్చుకొను గుణము ట్రయల్సులో తేలినదే కదా! 1955లో రెడ్డిచ్ వారును మద్రాసు మోటార్సు వారును కలిసి ఎన్‌ఫీల్డు ఇండియా అను సంస్థను నెలకొల్పిరి. మద్రాసునకు ఉత్తరమున తిరువొత్తియూరులో కర్మాగారము లేచెను. 1956లో, ఇంగ్లండు నుండి వచ్చిన భాగములను ఇచ్చట కూర్చి, ఆ సంవత్సరాంతమునకు 163 బండ్లు తయారు చేసిరి. 1957లో భాగములు చేయుటకు కావలసిన పనిముట్లును మద్రాసునకు చేరినవి. 1962 నాటికి అన్ని భాగములును ఇచ్చటనే తయారగుచుండెను.

తిరువొత్తియూరు పేరు తెలుగువారికి క్రొత్తది కాదు. అచ్చటి త్రిపురసుందరీ దేవిపై త్యాగరాజస్వామి తెలుగున పంచరత్న కృతులను రచించిరి. ఆయన శిష్యులును, తెలుగు తానవర్ణములకు ప్రసిద్ధులును అగు వీణ కుప్పయ్యరు గారు అచ్చట నివసించినవారే. తెలుగు కీర్తన వెలసిన ఆ యూరనే తరువాతి కాలమున ఇనుము, నూనె, చెమటలతో మరియొక నాదము పుట్టినది. ఉత్తర మద్రాసులో తెలుగు మాటలాడు కుటుంబములు తరతరములుగా నున్నవి. ఆ పేటల నుండి కర్మాగారపు ద్వారమున పోయి వచ్చినవారిలో మనవారును కలరు.

విధి విలాసము చూడుడు. 1967లో రెడ్డిచ్ కర్మాగారము మూతపడెను. 1970 నాటికి ఇంగ్లండులో ఆ బండ్ల తయారీయే ఆగిపోయెను. తల్లి కనుమూసినను తిరువొత్తియూరులో బిడ్డ బ్రతికెను. 1977 నుండి మద్రాసులో చేసిన బుల్లెట్లు ఇంగ్లండునకే యెగుమతి యైనవి. 1994లో ఈ సంస్థ ఐషరు వారితో కలిసి రాయల్ ఎన్‌ఫీల్డు అను పాత పేరును తిరిగి ధరించెను. 2013లో ఒరగడములో క్రొత్త కర్మాగారము తెరచిరి. 2019లో, జానీ బ్రిటన్ విజయములను స్మరించుచు, ఎత్తైన సైలెన్సరును, ముళ్ల టైర్లును గల బుల్లెట్టు ట్రయల్సు అను నమూనాను వెలువరించిరి. అది ఎంతోకాలము నిలువలేదు. కాని స్కాట్లండు కొండవాగుల కథ మద్రాసు తీరమున మరల చెప్పబడినది.

చోళవరపు విమానపు బాట

తామరైపాక్కమునకు తూర్పున చోళవరము కలదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అచ్చట ఒక విమానపు బాటను వేసిరి. యుద్ధము ముగిసిన పిదప, 1953లో ఏర్పడిన మద్రాసు మోటారు స్పోర్ట్సు క్లబ్బు వారు ఆ బాట మీదనే కార్ల పందెములు, మోటారు సైకిళ్ల పందెములు జరిపిరి. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోటలో వారి సొంత బాట తెరువబడు వరకు, దక్షిణ దేశమున పందెము లనగా చోళవరమే.

నా బాల్యమున మా మేనమామగారు ఒకమారు నన్ను బుల్లెట్టు వెనుక కూర్చుండబెట్టుకొని ఆ పందెములకు తీసికొనిపోయిరి. జనసమ్మర్దము, వేరుసెనగలు, కాలిన నూనె వాసన, చెవులు గింగురుమను మోత తప్ప ఎవరు గెలిచినదియు నాకు జ్ఞాపకము లేదు. తిరుగు ప్రయాణమున చీకటి పడెను, వాన మొదలాయెను. ఏటి ప్రక్క బండి త్రోవ బురదగుంట యాయెను. మామగారు దిగలేదు. నన్ను దిగి నడువుమని, తాము గేరు తగ్గించి, కాళ్లు పైననే యుంచి, గొడుగు పట్టినవాని వలె నిటారుగ కూర్చుండి, ఆ బురద నంతయు మెల్లగ దాటిరి. ఆనాడు చోళవరములో చూచిన వేగ మంతయు మరచితిని. ఆ నిదానము మాత్రము కన్నులకు కట్టినట్లున్నది. ట్రయల్సు అను మాట ఆయన జన్మలో విని యుండరు. ప్రతి వానకాలమును, మార్కులు వేయువాడెవడును లేకయే, ఆ పరీక్షలో ఆయన నెగ్గుచుండిరి. ఆనాటి మన పల్లెత్రోవలన్నియు అట్టి పరీక్షా స్థలములే కదా!

పెట్టె మూతపై అక్షరములు

మామగారు ఆ బండిని 1966లో కొనిరి. 1994లో ఆయన స్వర్గస్థులైన పిదప అది ధాన్యపు కొట్టులో మూలబడెను. ఎలుకలు సీటును కొరికినవి. పెంకుల సందుల నుండి నీరు కారి చెయిను ఒకే కడ్డీవలె తుప్పు పట్టెను. పాత సామానులవాడు రెండు మారులు వచ్చి తూకపు లెక్కన బేరమాడెను. ఒకమారు నేనే, ఇల్లు సర్దు తొందరలో, విప్పి యుంచిన కార్బ్యురేటరును పాత ఇత్తడితో కలిపి వానికి తూచి యిచ్చితిని. అది నా మొదటి తప్పు. నేను ఉద్యోగ విరమణ చేసిన యేడు, 2018లో, మామగారి మనుమడు యంత్రశాస్త్ర డిప్లొమా ముగించి వచ్చి, “మామయ్యా, తాతగారి బండిని లేపుదాము” అనెను. పని మొదలిడితిమి.

నాకు తెలిసిన విద్య దస్త్రము వ్రాయుట యొక్కటే. కావున ఒక నోటు పుస్తకము తీసి, విప్పిన ప్రతి మరను, ప్రతి వాషరును, అది ఏ వైపుది, ఎన్ని యున్నవి, ఏ డబ్బాలో వేసితిమి అని పద్దు వ్రాసితిని. మూడు వందలకు పైగా పద్దులైనవి. అబ్బాయి మొదట నవ్వెను. తిరిగి బిగించు నాడు ఆ పుస్తకమే మాకు దిక్కయ్యెను. దొరకని భాగములకై మద్రాసు పుదుప్పేట వీధులలో అనేక శనివారములు తిరిగితిమి. ఆ వీధులలో పాత బండ్లు కుప్పలుగ పడియుండును. ఎరిగినవాడు ఆ కుప్పనుండి తనకు కావలసిన మరను, చేట నుండి రాయి ఏరినట్లు, ఏరుకొనును.

ఇక రెండవ తప్పు. పెట్రోలు ట్యాంకును, మడ్గార్డులను, పనిముట్ల పెట్టెను రంగు వేయించుటకై పట్టణములోని ఒక పనివారి కొట్టునకు ఇచ్చితిమి. “అంతయు క్రొత్తదివలె చేయుడు” అని నేనే చెప్పితిని. వారు ఇసుకను గాలితో చిమ్మి, పాత రంగు నంతటిని తీసివేసి, అద్దమువలె మెరయునట్లు చేసి యిచ్చిరి. ఇంటికి తెచ్చి పెట్టె మూతను తెరచి చూచి, నేను చతికిలబడితిని. ఆ మూత లోపలి వైపున మామగారు తెల్ల రంగుతో, తమ గుండ్రని దస్తూరితో, శ్రీరామ చుట్టి, బండి కొన్న తేదీని తెలుగున వ్రాసికొని యుండిరి. చిన్ననాడు ఎన్నో మారులు చూచితిని. పద్దు పుస్తకములో “పెట్టె ఒకటి, మూత ఒకటి” అని వ్రాసితిని గాని, మూతపై నున్న వ్రాతను వ్రాసికొనలేదు; ఫోటోయైనను తీయలేదు. ఇప్పుడు ఆ తేదీ ఏదో చెప్పగలవా రెవరును లేరు. తమిళ దేశమున తెలుగువాడొకడు తన బండిపై తన లిపిలో వ్రాసికొన్న నాలుగు ముక్కలు నా మాట వలననే పోయినవి. కొట్టువారిని నేను తప్పు పట్టలేదు. అడిగిన పనిని వారు చేసిరి.

గుడుల జీర్ణోద్ధరణమున ఇట్లే ఇసుకను చిమ్మి రాళ్లను తోమించుటచే శాసనములు అరిగిపోయిన వార్తలను మనము చదివితిమి. అవి చదివినప్పుడు, ఎంత అవివేకులు అని అనుకొంటిని. నా యింట నేను చేసినదియు అదియే. పాతదానిని క్రొత్తదిగ చేయుట వేరు, పాతదానిని నిలుపుట వేరు. మొదటిదానికి డబ్బు చాలును. రెండవదానికి, చేయి వేయుటకు ముందు, చూచెడి ఓపిక కావలెను.

కోయవలెనా, వలదా?

బండి కూర్పు సగమైన తరుణమున మాయింట ఒక వివాదము లేచెను. అబ్బాయి జానీ బ్రిటన్ బండి బొమ్మలను చూచి, తాతగారి బుల్లెట్టును ట్రయల్సు బండిగ మార్చవలెనని పట్టుబట్టెను. వెనుక మడ్గార్డును కోయుట, చట్రమునకు అంటియున్న కొన్ని చెవులను రంపముతో తీసివేయుట, కాలు పెట్టు కడ్డీలను వెనుకకు జరిపి క్రొత్తగ వెల్డు చేయుట అతని పథకము. “కొట్టులో పడియుండుట కంటె కొండలెక్కుట తాతగారికి ఇష్టము కాదా?” అని అడిగెను. ఆ ప్రశ్నకు నేను వెంటనే సమాధానము చెప్పలేకపోతిని. బురదలో ఆయన నిటారుగ కూర్చున్న రూపము నాకును కనుల యెదుట నుండెను. అద్దాల పెట్టెలో పెట్టిన బండి కూడ మరియొక విధమున చచ్చినదే కదా.

అయినను పెట్టె మూతను తెచ్చి అతని ముందు పెట్టితిని. “ఇది ఒకమారు పోయినది. మరల రాదు. చట్రము నొకమారు కోసిన అదియు నిట్లే” అంటిని. చట్టమును కూడ చూచితిమి. 2021లో కేంద్ర ప్రభుత్వము ప్రాచీన వాహనములకై ప్రత్యేక నిబంధనలు తెచ్చెను. మొదటి రిజిస్ట్రేషను జరిగి ఏబది యేండ్లు దాటిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనములు, చట్రమున గాని ఇంజనున గాని పెద్ద మార్పులు లేక మూలరూపమున నున్నచో, వానికి వి.ఏ. అను అక్షరములతో ప్రత్యేకమైన నంబరు లభించును. క్రొత్త రిజిస్ట్రేషనునకు ఇరువది వేల రూపాయల రుసుము. పది యేండ్ల గడువు. నిత్యము రోడ్డుపై తిరుగుటకును, వ్యాపారమునకును వానిని వాడరాదు. చట్రమును కోసినచో ఆ గౌరవమునకు మన బండి దూరమగును.

చివరకు ఇద్దరమును ఒక నియమమునకు వచ్చితిమి. మరతో బిగించి, మరల మరతో విప్పదగిన మార్పు మాత్రమే చేయవలెను. కోయుట, అతుకుట, రంధ్రము చేయుట నిషేధము. గేరుపెట్టె ముందరి స్ప్రాకెట్టును తీసి, రెండు పండ్లు తక్కువ గలదానిని పెట్టితిమి. చెయినులో లంకెను తగ్గించితిమి. దానిచే బండి వేగము తగ్గి లాగు బలము పెరిగెను. పాత సైలెన్సరును తీసి, ఉన్న రంధ్రములకే బిగియునట్లు ఎత్తైన గొట్టము నొకటి అమర్చితిమి. ముళ్ల టైరు వేసి గాలి తగ్గించితిమి. తీసిన ప్రతి భాగమును నూనె పూసి, గోనెపట్టలో చుట్టి, నంబరు వేసి, పుస్తకములో వ్రాసితిమి. ఒక పూట పనితో బండి మరల 1966 నాటి రూపమును పొందగలదు. రిజిస్ట్రేషను తనిఖీకి ఆ రూపముననే తీసికొనిపోవ నిశ్చయించితిమి.

కనుమ నాటి పరీక్ష

ఇంజను కూర్చునప్పుడు మాకు తోడ్పడినవారు, తిరువొత్తియూరు కర్మాగారమున పనిచేసి విరమించిన ఒక తెలుగు పెద్దమనిషి. ఆయన కొలబద్దను కోరలేదు. టాపెట్ల సర్దుబాటులో, ఇంజను చల్లగా నున్నప్పుడు పుష్‌రాడును రెండు వ్రేళ్లతో త్రిప్పి చూచి, “సులువుగా తిరగాలి, పైకీ కిందికీ కదలకూడదు. అంతే నాయనా” అని అబ్బాయి చేతికి దానిని అప్పగించిరి. వ్రాతలో రెండు పంక్తులు పట్టని ఆ విద్య, ఆయన వ్రేళ్లలో నలుబది యేండ్లుగా నిలిచియున్నది. ట్యాంకుపై బంగారు గీతలను కుంచెతో చేతనే గీయు పద్ధతి, ఒక్కొక్క బండి మోతను విని దోషము కనిపెట్టు పద్ధతి, ఆయన చెప్పుచుండగా అబ్బాయి ఫోనులో పదిలపరచెను. ఈమారు నేను మరువలేదు.

బుల్లెట్టును మేలుకొలుపుటకు ఒక క్రమము కలదు. అమ్మీటరు ముల్లును చూచుచు కిక్కరును మెల్లగ త్రొక్కి, ముల్లు నడిమికి వచ్చినపుడు ఆగి, డికంప్రెసరు పట్టి పిస్టనును కొంచెము దాటించి, పిదప పూర్తి బలముతో ఒక్క త్రొక్కు త్రొక్కవలెను. క్రమము తప్పినవాని కాలిని అది తిరిగి తన్నును. ఈ సంగతి నా మడమకు బాగుగ తెలియును. 2022 సంక్రాంతి కనుమనాడు, ఇరువది యెనిమిది యేండ్ల పిదప, ఆ బండి మూడవ త్రొక్కుకు పలికెను. మామగారి కోడలు పసుపు చేతులతోనే వంటయింటి నుండి వాకిటికి పరుగెత్తుకొని వచ్చి, ఆ మోత వినుచు స్తంభము పట్టుకొని నిలిచిపోయెను.

మధ్యాహ్నము మా మామిడితోపులో ఐదు తావులు ఎంచితిమి. ఆడువారు ముగ్గుపిండితో ఇరుప్రక్కల గీతలు వేసిరి. ఒక తావున కాలువ రాళ్లు, ఒక తావున చెట్ల వేళ్లు, ఒక తావున పశువుల కొట్టము వెనుక బురద. పిల్లలు మార్కులు వేయువారైరి. వారి కన్నులను మోసగించుట స్కాట్లండు రౌతులకును సాధ్యము కాదు. అబ్బాయికి ఐదు తావులలో కలిసి ఏడు మార్కులు. నేను ఒక్క తావున మాత్రము నడపితిని. మూడు మారులు కాలు మోపితిని. వానలో నన్ను దించి నడిపించిన మేనమామగారి నిదానము వారసత్వముగ వచ్చునది కాదని ఆనాడు తెలిసికొంటిని.

విన్నపము

తిరువొత్తియూరులో తొలి బండ్లు కూర్చినవారిలో పలువురు ఇప్పుడు లేరు. ఉన్నవారును వృద్ధులు. చోళవరము బాట అంచున నిలిచి పందెములు చూచినవారు, ఎడ్లబండి త్రోవలపై బుల్లెట్టు నడిపినవారు, పుదుప్పేటలో మూడు తరములుగ మరలు అమ్మువారు మన సంఘముల సభ్యులలోను, వారి బంధువులలోను కలరు. వారి మాటలను తెలుగున వ్రాసి, వారి పాత రశీదులను, ఫోటోలను, లైసెన్సు పుస్తకములను నకలు తీసి యుంచు పనికి పెద్ద ధనము అక్కరలేదు. ప్రతి సంఘమునకు ఒక నోటు పుస్తకము, ఒక ఓపిక గల గుమాస్తా చాలును. కవులను గాయకులను స్మరించునట్లే, చేతిపనివారిని కూడ ఇట్టి సంచికలలో స్మరింప వలసినదని సంఘము వారికి మనవి.

మా బండి పనిముట్ల పెట్టె మూతపై ఇప్పుడు మరల తెలుగు అక్షరము లున్నవి. పోయిన తేదీని ఊహించి వ్రాయుటకు నాకు మనసొప్పలేదు. 1966 అను సంవత్సరమును, మామగారి పేరును, ఇంతకు ముందిచ్చట వారి చేవ్రాత యుండెడిదనియు, అది నా అజాగ్రత్త వలన చెరిగిపోయినదనియు వ్రాసి, క్రింద నా సంతకము చేసి తేదీ వేసితిని. ఇకముందు ఈ పెట్టెను తెరచువారు దానిని తోమించుటకు ముందు ఒకమారు చదువుదురు గాక.